నొక్కండి, నొక్కకండి: బెంగళూరు గేమ్ స్టూడియోలకు ఒక బహిరంగ లేఖ

బెంగళూరులో గేములు తయారుచేస్తున్న డిజైనర్లకు, ప్రోగ్రామర్లకు, ప్రొడ్యూసర్లకు,

నమస్కారం. మీ గేముల్లో భాషల పట్టిక తెరిస్తే ఇప్పుడు తెలుగు కూడా కనబడుతోంది. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల 11 లక్షల మందికి మాతృభాష ఇది. వాళ్ళను లెక్కలోకి తీసుకున్నందుకు సంతోషం. అయితే పట్టికలో పేరు ఉండటం వేరు, ఆట మధ్యలో ఆ తెలుగు కంటికి అందటం వేరు. ఇంగ్లీషు కోసం గీసిన పెట్టెల్లో, ఇంగ్లీషు కోసం లెక్కగట్టిన సెకన్లలో తెలుగును తెచ్చి పోస్తున్నారు. ఒక్క అక్షరదోషం లేకపోయినా ఆ తెలుగు ఆడేవాళ్ళకు పనికిరావటం లేదు. ఎక్కడ తేడా వస్తోందో, ఏం చేస్తే సరిపోతుందో పని చేసేవాళ్ళకు ఉపయోగపడేలా రాస్తున్నాం.

ముందు కంటి సంగతి. చదివేటప్పుడు చూపు పంక్తి వెంట జారుతూ పోదు. గెంతుతుంది, ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. ఆగిన ప్రతిసారీ సుమారు సెకనులో నాలుగో వంతు ఉంటుంది. గెంతే క్షణంలో ఏమీ చదవదు. నిక్కచ్చిగా కనబడేది చూపు నడిమి భాగం ఒక్కటే. చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలు నిలబెడితే దాని వెడల్పు ఎంతో అంత, అంటే దాదాపు 2 డిగ్రీలు. పుస్తకం చదివేవాళ్ళు ఆ రెండు డిగ్రీలనూ అక్షరాలకే ఇస్తారు. గేము ఆడేవాళ్ళ రెండు డిగ్రీలూ శత్రువు మీదో, దూకాల్సిన గట్టు మీదో ఉంటాయి. మీ సందేశం చూపును అక్కడి నుంచి లాక్కోవాలి.

తెర మూలన 2 సెకన్లు కనబడి మాయమయ్యే సందేశాన్ని తీసుకోండి. ఆ రెండు సెకన్లలో కన్ను ఆగగలిగేది మహా అయితే 8 సార్లు. ఏదో వచ్చిందని పసిగట్టడానికి, చేస్తున్న పని వదిలి అటు తిరగడానికి, తిరిగి ఆటలోకి రావడానికి రెండు మూడు పోతాయి. మిగిలిన ఐదారింటిలో ఎంత చదువుతారు? 'తెరుచుకోవడంలేదు' లాంటి పొడుగు మాటకు ఒక్కసారి ఆగితే చాలదు.

ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ గేము రూపకర్త జార్జ్ ఫాన్ 2012 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఒక సూత్రం చెప్పారు: తెర మీద ఒకసారికి ఎనిమిది మాటలు దాటకూడదని. చాలా స్టూడియోలు దాన్ని పాటిస్తాయి, మంచిదే. కానీ ఆ ఎనిమిదీ ఇంగ్లీషు మాటలు. 'ఐ వాజ్ నాట్ ఏబుల్ టు ఓపెన్ ఇట్' అని ఇంగ్లీషులో ఏడు మాటలు పట్టేది తెలుగులో 'తెరవలేకపోయాను' అన్న ఒక్క మాట. కాలం, పురుష, వ్యతిరేకార్థం అన్నీ క్రియకే అతుక్కుంటాయి. కాబట్టి తెలుగును మాటల్లో లెక్కపెట్టకండి, అక్షరాల్లో లెక్కపెట్టండి. అక్షరం అంటే బడిలో చెప్పిన అక్షరమే: గుణింతం, ఒత్తు, సున్న కలుపుకుని ఒకటి. ఆట నడుస్తుండగా వచ్చే సూచనకు మేం పెట్టుకునే హద్దు 15 అక్షరాలు. 'తాళం వేసి ఉంది. చెవి కావాలి.' పదకొండు. 'ఈ తలుపును తెరుచుటకు మీ వద్ద తాళంచెవి ఉండవలసి ఉన్నది' అన్నది ఎంత చెప్పినా ఆ పదకొండు చెప్పినంతే చెబుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, అనువాదం బాగుందా లేదా అని చూసేవాళ్ళు కూడా పట్టించుకోనిది, వాక్యంలో క్రియ ఉండే చోటు. 'ఎర్ర పీపా పేలకముందే ఎడమవైపు గోడ వెనక దాక్కోండి.' వ్యాకరణం శుభ్రంగా ఉంది. కాని చెయ్యాల్సిన పని చిట్టచివర ఉంది. ఇంగ్లీషులో అది మొదటి మాట. పరుగు మీద ఉన్నవాళ్ళు మొదటి రెండు మాటల మీద చూపు వేసి వెనక్కి తీసుకుంటారు. వాళ్ళకు అందింది 'ఎర్ర పీపా'. అటే పోతారు.

ఇంట్లో పాలు పొంగుతుంటే అమ్మ ఏమని కేకేస్తుంది? 'స్టవ్ కట్టెయ్, పాలు పొంగుతున్నాయ్!' అంటుంది. 'పాలు పొంగుతున్నందున స్టవ్ కట్టవలెను' అనదు. తొందర ఉన్నచోట తెలుగువాళ్ళ నోట పని ముందే వస్తుంది, కారణం వెనక వస్తుంది. గేములోనూ అంతే: 'దాక్కోండి! పీపా పేలబోతోంది.' రెండు చిన్న వాక్యాలు, పది అక్షరాలు. రెండోది చదవకపోయినా ప్రాణం దక్కుతుంది. ఇంగ్లీషు వాక్యం ఒకటైతే తెలుగు వాక్యం కూడా ఒకటే ఉండాలన్న నియమం మీ అనువాద పట్టికల్లో ఉంటే తీసేయండి.

దీని కన్నా ప్రమాదమైనది 'వద్దు' అని చెప్పాల్సి రావటం. 'నొక్కండి', 'నొక్కకండి'. 'తాగండి', 'తాగకండి'. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క 'క'. అదీ మాట నడుమ ఇరుక్కుని ఉంది. తెలిసిన భాషను ఎవరూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవరు. మాట మొదలు చూసి, మొత్తం ఆకారం చూసి తక్కినది పూరించుకుంటారు. ఇంగ్లీషులో 'డోన్ట్' ముందే వచ్చి చెయ్యి అడ్డం పెడుతుంది. తెలుగులో అడ్డు వచ్చేసరికి బటన్ నొక్కేసి ఉంటారు. ఆట ఆగి ఉన్నప్పుడు, సావకాశంగా చదివే చోట 'నొక్కకండి' రాయండి, ఇబ్బంది లేదు. ఆట నడుస్తున్నప్పుడు మాత్రం 'ఆగండి! నీళ్ళలో విషం' అనండి, లేదా 'వద్దు' అన్న మాటను విడిగా, ముందుగా, రంగు మార్చి పెట్టండి. పక్కన అడ్డగీత ఉన్న బొమ్మ కూడా పెడితే ఇంకా మంచిది.

ఇప్పుడు అక్షరం సైజు. లాటిన్ లిపి చదవటం మీద గార్డన్ లెగ్, చార్లెస్ బిగెలో 2011లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, చిన్నబడి అక్షరం నడుము ఎత్తు (ఇంగ్లీషు 'x' అంత ఎత్తు) చూపుకోణంలో 0.2 డిగ్రీల కన్నా తగ్గితే చదివే వేగం పడిపోతుంది. దీన్ని పిక్సెళ్ళలోకి మార్చుకోవచ్చు. 6.5 అంగుళాల, 720 బై 1600 ఫోనులో ఒక మిల్లీమీటరుకు పదిన్నర పిక్సెళ్ళ పైచిలుకు వస్తాయి. 30 సెంటీమీటర్ల దూరంలో 0.2 డిగ్రీలంటే ఒక మిల్లీమీటరు చిల్లర, అంటే 11 పిక్సెళ్ళు. 43 అంగుళాల 1080పి టీవీని 3 మీటర్ల దూరం నుంచి చూస్తే అదే కోణానికి 21 పిక్సెళ్ళు కావాలి. ఇవి లాటిన్ లిపికి కనీసం. తెలుగు అక్షరం లోపల చీలికలు, చుక్కలు, ముడులు ఎక్కువ కాబట్టి పావు వంతైనా కలపాలని మా అభిప్రాయం: ఫోనులో 14, టీవీలో 26. ఇది ఫాంట్ సైజు అంకె కాదు. గుడి, ఒత్తు ఏమీ లేకుండా 'ల' ఒక్కటి తెర మీద ఎంత ఎత్తు వస్తుందో స్క్రీన్‌షాట్ తీసి కొలవండి. ఎక్స్‌బాక్స్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు కన్సోల్‌కు 1080పిలో కనీసం 26 పిక్సెళ్ళు అంటాయి గాని అది పై కొస నుంచి కింది కొస దాకా. 'ష్ట్రీ'లో గుడి దీర్ఘం, నడుము, కింద ఒత్తులు అన్నీ ఆ 26లోనే ఇమడాలంటే నడుముకు సగం కూడా మిగలదు.

సైజు తగ్గితే ఏం పోతుందో దుకాణం తెర మీద చూడవచ్చు. 'వెల 500' అని రాశారు. ఎత్వానికి, ఏత్వానికి తేడా ఒక చిన్న తోక. అది కలిసిపోతే 'వేల 500' అవుతుంది, ధర ఎంతో తెలియదు. 'మెడ మీద కొట్టు', 'మేడ మీద కొట్టు': ఒకటి దెబ్బ ఎక్కడ వెయ్యాలో చెబుతుంది, ఇంకొకటి దుకాణం ఎక్కడుందో చెబుతుంది. ద, ధ, థ, డ, ఢ, ప, ఫ, ఘ, ఝ, మ, య: ఇవన్నీ చుక్కతోనో గీతతోనో చిన్న వంపుతోనో వేరుపడే అక్షరాలు. అక్షరాల చుట్టూ 3 పిక్సెళ్ళ నల్ల అంచు గీస్తే మొదట పూడిపోయేవి ఇవే. అంచు బదులు అక్షరాల వెనక నల్లటి పలుచని పెట్టె వేయండి. అక్షరానికి, వెనక పెట్టెకు మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉంచండి. పర్పుల్ లైన్ మెట్రో వంతెన మీద ఎండలో వెళ్తున్నప్పుడు ఫోను తెర సగం అద్దమైపోతుంది. ఆఫీసులో 27 అంగుళాల మానిటర్‌ను అరవై సెంటీమీటర్ల దూరం నుంచి చూసి సరే అనేసిన అక్షరాలు అక్కడ నిలబడవు. 2006లో డెడ్ రైజింగ్ గేము విషయంలో జరిగినది ఇలాంటిదే: హెచ్‌డీ తెరకు సరిపోయిన అక్షరాలు అప్పటికి ఎక్కువ ఇళ్ళలో ఉన్న పాత టీవీల మీద చదవశక్యం కాలేదు.

పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకు అక్షరం సైజుకు 1.2 రెట్లు చాలు. తెలుగుకు 1.5 కన్నా తగ్గించకండి. తగ్గిస్తే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడి మీద కూర్చుంటుంది. పెట్టె అంచు దగ్గర ఒత్తు తెగిపోతే 'పద్మ' 'పద' అవుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే సోకు తెలుగుకు వద్దు. పెద్దబడి అక్షరాలు మనకు లేవు, వాలు అక్షరాలు అలవాటు లేదు. నొక్కి చెప్పాలంటే బొద్దు అక్షరమో రంగో వాడాలి. ఫాంట్లకు కొరత లేదు: నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, అనేక్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. అనేక్‌లో వెడల్పు కూడా మార్చుకోవచ్చు కాబట్టి ఇరుకు బటన్లకు అది బాగా పనికొస్తుంది. అలంకారపు ఫాంట్లను గేము పేరుకే పరిమితం చేయండి.

ప్రోగ్రామర్లకు ప్రత్యేకంగా. 'స్త్రీ' తెర మీద ఒక అక్షరం, యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆ ఆరింటిని కలిపి ఒక ఆకారంగా మలిచే (షేపింగ్) యంత్రాంగం గేము ఇంజిన్‌లో ఉండాలి. అన్‌రియల్‌లోనూ, 2023లో వచ్చిన గోడో 4లోనూ ఈ పనికి వాడే లైబ్రరీ హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి ఆ పని జరుగుతుంది. అన్‌రియల్‌లో ఎవరో వేగం కోసం షేపింగ్ పద్ధతిని అక్షరాల మధ్య ఎడం సర్దే కెర్నింగ్‌కు మాత్రమే అని మార్చి ఉంటే ఒత్తులు విడిపోతాయి, ముందు అక్కడ చూడండి. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఈ పని తనంతట తాను చేయదు. 'రాష్ట్రం' కాస్తా పొల్లులు బయటపడి 'రాష్‌ట్‌రం' అవుతుంది. దీన్ని తప్పించడానికి కొందరు టెక్స్ట్ మొత్తాన్ని డీటీపీ రోజుల పాత కోడింగ్‌లోకి మారుస్తారు, కొందరు బొమ్మలుగా అతికిస్తారు. మొదటిదానితో వెతకటం, తెర చదివే సాఫ్ట్‌వేర్ రెండూ పోతాయి. రెండోదానితో సైజు పెంచుకునే వీలు పోతుంది. హార్ఫ్‌బజ్‌ను జతచేసే ప్లగిన్ పెట్టుకోవటమే నిలిచే దారి. ఫాంట్ అట్లాస్ (అక్షరాల ఆకారాలన్నీ పేర్చిన ఒకే బొమ్మ) వాడుతుంటే 512 పిక్సెళ్ళ చదరంలో తెలుగు ఇరికించకండి. ఒత్తులు, గుణింతాల ఆకారాలు వందల్లో ఉంటాయి, ఇరికిస్తే చీలికలు గుండ్రబడిపోతాయి. 2048తో మొదలుపెట్టండి.

టైప్‌రైటర్ లాగా అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చే డైలాగ్ పెట్టెలు తెలుగులో ఎలా కనబడతాయో ఒకసారి నెమ్మదిగా నడిపి చూడండి. స. స్. స్త. స్త్. స్త్ర. స్త్రీ. ఒక్క అక్షరం కళ్ళ ముందు ఆరుసార్లు రూపం మారుతుంది. మారిన ప్రతిసారీ వెడల్పు మారి పంక్తి మొత్తం వణుకుతుంది. కదిలేదాని మీదికి చూపు దానంతట అదే పోతుంది కాబట్టి చదివేవాళ్ళ కన్ను మాట మొదటికి వెళ్ళలేక కొసనే వేలాడుతుంది. ముక్కముక్కకూ టిక్కుమనే శబ్దం పెట్టి ఉంటే 'రాష్ట్రీయ'లో మూడు అక్షరాలకు తొమ్మిది టిక్కులు వినబడతాయి. పరిష్కారం సులభమే: కోడ్ పాయింట్ల (యూనికోడ్ ముక్కల) లెక్కన కాకుండా గ్రాఫీమ్ క్లస్టర్ల (కంటికి కనబడే పూర్తి అక్షరాల) లెక్కన బయటపెట్టండి. అందులోనూ ఒక మెలిక ఉంది. పాత నియమాలు పొల్లు దగ్గర ముక్క చేసేవి. తెలుగు సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఉంచే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో చేరింది. మీ లైబ్రరీ దానికన్నా పాతదైతే 'స్', 'త్', 'రీ' అని మూడు ముక్కలు వస్తాయి. ఇంకా మేలైనది మాటల లెక్కన బయటపెట్టటం. ఒకసారి నొక్కితే వాక్యం పూర్తవ్వాలి, రెండోసారి నొక్కితేనే ముందుకు పోవాలి. రెండు నొక్కుళ్ళ మధ్య సెకనులో మూడో వంతు గడువు ఇవ్వకపోతే ఆత్రంగా రెండుసార్లు తట్టినవాళ్ళు డైలాగ్ పోగొట్టుకుంటారు. పోయినదాన్ని మళ్ళీ చూసుకోవడానికి పాత డైలాగుల జాబితా కూడా ఉండాలి.

ఇదంతా ఏదో మూల సమస్య అనుకుంటే 2018 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. 'జ్ఞా' రాసే ఒక యూనికోడ్ వరస ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దాల్సి వచ్చింది. ఒత్తులను కలపటం అంత సున్నితమైన పని. అదృష్టమేమిటంటే కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు, వాళ్ళకూ ఒత్తులు కిందే ఉంటాయి. ఒత్తులు కలవటం, పంక్తి ఎడం, పెట్టె ఎత్తు తెలుగుకు సరిచేస్తే కన్నడకూ సగం దారి పడినట్టే. ఈ ఊళ్ళో గేములు చేసే స్టూడియోకు అంతకన్నా కారణం కావాలా?

అనువాదానికి పంపే ఎక్సెల్ పట్టికల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఒక గడిలో 'ఫైర్' అని ఉంటుంది. కాల్చమనా, మంటా? 'లెఫ్ట్' అంటే ఎడమా, మిగిలినవా, ఆట వదిలి వెళ్ళిపోయారనా? 'ఓపెన్' బటనా, తలుపు తెరిచి ఉందన్న సమాచారమా? గడి పక్కన స్క్రీన్‌షాట్, ఎవరు ఎవరితో అంటున్నారు, ఎన్ని సెకన్లు ఉంటుంది, పెట్టె ఎంత వెడల్పు అన్న నాలుగు సంగతులు లేకుండా తెలుగు రాయటం కుదరదు. ఎవరు ఎవరితో అన్నది తెలియకపోతే నువ్వా మీరా తేలదు. తండ్రిని 'నువ్వు' అనే ఇళ్ళున్నాయి, 'మీరు' అనే ఇళ్ళున్నాయి, అది పాత్ర స్వభావంలో భాగం. వస్తువు పేరు దూర్చే ఖాళీ ఉన్న వాక్యాలు ఇంకో తలనొప్పి. 'ను తీసుకున్నారు' అన్న తోకకు ముందు ఏ మాట పెట్టినా సరిపోదు. కత్తిని, పుస్తకాన్ని, ఇంటిని, నీళ్ళను: ప్రతి మాటా తన దారిన మారుతుంది. 'దొరికింది: పుస్తకం' అని విడగొట్టండి. బహువచనానికి 'దొరికాయి: 3 నాణేలు' అని రెండో రూపం ఉంచండి. తెలుగుకు ఈ రెండు రూపాలు చాలు.

మాటల ఎంపికలో, జనం నోట ఉన్నదే కంటికి త్వరగా అందుతుంది. సెట్టింగ్స్, లెవెల్, సేవ్ అయింది: ఇవి తెలుగు లిపిలో చదవగానే తెలుస్తాయి. 'అమరికలు', 'భద్రపరచబడినది' దగ్గర చూపు తట్టుకుంటుంది. అలాగని 'రీస్పాన్' అందరికీ తెలిసిన మాట కాదు, 'మళ్ళీ మొదలు' అంటే తెలుస్తుంది.

సబ్‌టైటిల్స్ వినబడనివాళ్ళకే అనుకోకండి. గేము కంపెనీ యూబీసాఫ్ట్ చెప్పిన లెక్క ప్రకారం అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్‌లో 60 శాతం మంది వాటిని తామే ఆన్ చేసుకున్నారు. అదే వరసలోని ఒడిస్సీలో ముందే ఆన్ చేసి ఇస్తే 95 శాతం మంది అలాగే ఉంచుకున్నారు. రెండు పంక్తులు దాటకూడదు, మాట్లాడేవాళ్ళ పేరు ఉండాలి, పంక్తి విరిచేటప్పుడు విశేషణం ఒక పంక్తిలో, నామం ఇంకో పంక్తిలో పడకూడదు. ఇంగ్లీషుకు బీబీసీ చెప్పే నిమిషానికి 160 నుంచి 180 మాటల వేగాన్ని తెలుగుకు అంటించకండి. మా కొలత ఇది: తెలుగు బాగా వచ్చినవాళ్ళు ఆ వాక్యాన్ని తాపీగా పైకి చదవటానికి పట్టే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో చూసి, దానికి ఒక సెకను కలపండి. మనసులో చదవటం పైకి చదవటం కన్నా వేగమే గాని, ఆటలో సగం ధ్యాస వేరేచోట ఉంటుంది కాబట్టి ఆ మిగులు ఖర్చయిపోతుంది. ఫోనులో కింది రెండు మూలలూ బొటనవేళ్ళ కింద ఉంటాయి, అక్కడ ఏ అక్షరమూ పెట్టకండి. తలుపు గురించి చెప్పేది తలుపు పక్కనే చెప్పండి.

చివరిగా పరీక్ష. మారతహళ్ళి పీజీల్లో తెలుగు ఇంజినీర్లకు లోటు లేదు, కాని రోజంతా ఇంగ్లీషు తెరలు చదివే కళ్ళు అవి. వాళ్ళకు తెలుగు అర్థం కాకపోతే ఇంగ్లీషులో ఏమై ఉంటుందో ఊహించుకుని ముందుకు పోతారు. తెలుగే మొదట చదివేవాళ్ళను పిలవండి. కర్నూలు, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్‌లు నడిపేవాళ్ళు, అపార్ట్‌మెంట్లలో పనిచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ సమయానికి తగ్గ డబ్బు ఇవ్వండి. ఐదుగురు చాలు. 720పి ఫోను చేతికిచ్చి, ఏమీ వివరించకుండా పది నిమిషాలు ఆడనివ్వండి, తెరనూ చేతులనూ రికార్డు చేయండి. ప్రతి సూచన తర్వాత అర నిమిషం ఆగి 'ఇందాక ఏమని వచ్చింది?' అని అడగండి. 'అర్థమైందా?' అని అడగకండి, మొహమాటానికి అయిందంటారు. ఐదుగురిలో ఇద్దరు చెప్పలేకపోతే ఆ సూచనను తిరగరాయాలి. తర్వాత అదే గేమును స్త్రీ, రాష్ట్రీయ, లక్ష్మి, జ్ఞానం, సంస్కృతి, ఐశ్వర్యం అన్న మాటలు ప్రతి పెట్టెలోనూ నింపి ఒకసారి నడపండి. ఏ ఒత్తు ఎక్కడ తెగుతుందో ఒక్క పూటలో బయటపడుతుంది.

ఇవన్నీ విడుదలకు పది రోజుల ముందు చేయగలిగినవి కావు. పెట్టెల కొలతలు ఖాయం చేసే రోజునే తెలుగు రాసేవాళ్ళను, కన్నడ రాసేవాళ్ళను పిలిచి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోమని అడుగుతున్నాం.

ఇట్లు,
బెంగళూరులో గేములకు తెలుగు రాసే, పరీక్షించే కొందరం